గుడ్డు పెట్టకముందు

మార్చి పదకొండున వంటగది కిటికీ అంచు మీద
ముక్కెడు బురద.
చూసీ చూడనట్టు కాఫీ కలుపుకున్నాను.
మర్నాటికి దాని మీద సముద్రపు నాచు, రెండు గడ్డిపోచలు.
ఇక నిచ్చెన తీయక తప్పలేదు.

మునిసిపాలిటీ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించే ఉంది:
గుడ్డు పెట్టకముందు గూడు తీసేయవచ్చు,
పెట్టాక ముట్టుకుంటే జరిమానా.
అంటే, నాకూ ఈ క్రిక్యా పిట్టకీ మధ్య
ఒక్క గుడ్డంత గడువు.

రోజూ ఐదింటికి లేచి గీకుతాను,
చేపల పొలుసు తీసే పాత కత్తితో.
అది ఎదురింటి కప్పు మీద కూర్చుని చూస్తుంది,
సిరాలో ముంచి తీసిన రెక్కల కొసలు ముడుచుకుని
లెక్క తేలేదాకా కదలని గుమాస్తాలా.
నేను లోపలికొచ్చి చేతులు కడుక్కునేలోపు
మళ్లీ బురద.

పక్కింటి బోర్గ్‌హిల్డ్ ఇనుప ముళ్లు కొట్టించింది.
ముళ్ల మధ్య నాచు ఇంకా గట్టిగా పట్టింది,
దబ్బనాలిచ్చి కుట్టుకోమన్నట్టు.
ప్లాస్టిక్ గుడ్లగూబని పెట్టాం.
వారానికల్లా దాని నెత్తి తెల్లబడింది.
రేవు దగ్గర దుకాణంవాడు గద్ద కేకలు రికార్డు పెట్టాడు,
జడుసుకుంది వాడి మనవరాలొక్కతే.
ఐవిన్ వచ్చి ఆకుపచ్చ వల బిగించాడు
"వేలు కూడా దూరదు" అని.
నిజమే, వేలు దూరలేదు.

మా తాత హల్వార్ నడుముకి తాడు కట్టుకుని
ఊరి బయట కొండచరియ దిగేవాడు.
టోపీ నిండా గుడ్లు తెచ్చేవాడు.
నాన్నమ్మ ఉడికిస్తే పచ్చసొన నారింజ రంగులో,
కాస్త చేప వాసనతో.
ఆయన వాటి ఇళ్లకి వెళ్లేటప్పుడు
ఎవరి అనుమతీ అడగలేదు.
ఇప్పుడా చరియ ఖాళీ.
చేప తగ్గిందంటారు, గద్దలు పెరిగాయంటారు,
నీళ్లు వెచ్చబడ్డాయంటారు.
వరాంగెర్ తీరమంతా తలా ఒక మాట.
అవి మాత్రం మా గోడలకొచ్చాయి
ఏ తాడూ లేకుండా.

మేలో మూడు రోజులు జ్వరం.
నాలుగో రోజు పరదా తీశాను.
వల మూల ఊడి వేలాడుతోంది. గూట్లో అది.
నన్ను చూసి లేవలేదు.
కాసేపటికి ఒళ్లు సర్దుకుంటూ పక్కకి జరిగింది.
కింద, గోధుమ మచ్చలతో,
తాత టోపీలోంచి ఒకటి జారి పడినట్టు.

ఆ పిట్ట మీద ప్రేమ పుట్టిందని మాత్రం చెప్పను.
రాత్రి లేని జూన్‌లో అర్ధరాత్రీ అరుపే:
కిత్తీ వే, కిత్తీ వే.
కిటికీ తెరవలేదు, దుప్పట్లు ఆరేయలేదు.
ఆ కంపు కాఫీలోకి కూడా వచ్చింది.
ట్రోమ్సో నుంచి వచ్చిన చెల్లెలు
రెండు పూటలుండి హోటల్‌కి మారింది.
నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయి
నాన్న పడవలో తిట్టేవి గుర్తు చేసుకున్నాను.

పిల్ల గోడకి ముఖం పెట్టి నిలబడేది
శిక్ష పడ్డ బడిపిల్లలా, గంటల కొద్దీ.
అరచేయంత అంచు మీద
కదిలితే పడతానని దానికెవరు చెప్పారో.
గిన్నెలు కడిగేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టేదాన్ని.
ఎందుకో అడగొద్దు.

ఆగస్టులో ఒక పొద్దున అంచు మీద ఎవరూ లేరు.
బకెట్టూ సబ్బూ తీసుకుని ఎక్కాను.
గూడు మాడిన అడుగులా ఒక్క ముక్కగా ఊడొచ్చింది.
దాంట్లో ఐవిన్ వల పోగులు, ఆకుపచ్చగా.
నిరుడు పోయిన నా చేతి తొడుగు ఉన్ని, నీలంగా.
వంటింటి తూకంలో పెడితే కిలోన్నర.

అంచు కడిగేశాను.
కత్తికి నూనె రాసి సొరుగులో పెట్టాను.
ఎదురింటి కప్పు ఖాళీ.
ఐదింటికి మెలకువ మాత్రం వస్తూనే ఉంది.